వాయిస్ ల్యాబ్ పెట్టుకునే ముందు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నెట్‌వర్క్ మీద ఫోన్లు నడిపే పనికి సిస్కో కంపెనీ ఇచ్చే వాయిస్ సర్టిఫికేషన్ చదవడానికి ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుంటానని, కావలసిన సామాను జాబితా పంపమని అడిగావు. జాబితా రాయడం పెద్ద పని కాదు. కానీ సామాను కూడబెట్టడంతోనే ఉత్సాహమంతా కరిగిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వెళ్లే ఒక్క కాల్‌ను, మొదటి అంకె నొక్కినప్పటి నుంచి రిసీవర్ పెట్టేసేదాకా, ఏ ప్యాకెట్ ఎందుకు ఎటు వెళ్లిందో నీ అంతట నీవు చెప్పగలిగేంత ల్యాబ్ ఉంటే చాలు.

పరీక్ష సంగతి ముందు తేల్చుకో. పాత పుస్తకాల్లో కనిపించే సీసీఎన్ఏ వాయిస్ ఇప్పుడు లేదు. దాని స్థానంలో వచ్చిన సీసీఎన్ఏ కొలాబరేషన్ కూడా 2020 ఫిబ్రవరితో ముగిసిపోయింది. ఇప్పుడు ఈ దారిలో ఉన్నది సీసీఎన్‌పీ కొలాబరేషన్. అందులో 350-801 అనే కోర్ పరీక్షతో పాటు ఒక ప్రత్యేకాంశం పరీక్ష కూడా పాసవ్వాలి. రూటింగ్, స్విచ్చింగ్ ఇంకా తడబాటుగా ఉంటే మామూలు సీసీఎన్ఏ పూర్తి చేసి రా, తొందరేమీ లేదు.

సామాను విషయంలో నా మాట ఇది: ఒక రూటర్, ఒక పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఫోన్‌కు కరెంటు ఇచ్చేది), రెండు ఫోన్లు కొను, మిగతావన్నీ ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ మెషీన్లలో నడుపు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వాడిన సామాను దొరుకుతుంది. రూటర్ 2901 గానీ 2911 గానీ తీసుకో. అయితే డబ్బు ఇచ్చే ముందే అంగట్లో దాన్ని ఆన్ చేయించి, లోపల మాటను ప్యాకెట్లుగా మార్చే పీవీడీఎం3 డీఎస్పీ మాడ్యూల్ ఉందో లేదో, వాయిస్ సదుపాయాలను తెరిచే యూసీ లైసెన్స్ పనిచేస్తోందో లేదో నీ కళ్లతో చూసుకో. అవి లేని రూటర్ నీ చదువుకు సగమే అక్కరకు వస్తుంది. స్విచ్ ఎనిమిది పోర్టుల 3560 అయితే మేలు, దానికి ఫ్యాన్ ఉండదు కాబట్టి ఇంట్లో రాత్రిపూట ఎవరి నిద్రా చెడదు. ఫోన్లలో 7940, 7960 చవకగా కనిపిస్తాయి కానీ తీసుకోవద్దు. అవి అన్ని కంపెనీలకూ ఉమ్మడిదైన 802.3ఏఎఫ్ పీఓఈ ప్రమాణం రాక ముందరి సిస్కో పద్ధతిలో కరెంటు తీసుకుంటాయి, కనుక వేరే కంపెనీ పీఓఈ స్విచ్‌కు తగిలిస్తే వెలగనే వెలగవు. 7942 గానీ 7962 గానీ చూడు.

కాల్స్‌ను నడిపించే సిస్కో సర్వర్ సాఫ్ట్‌వేర్ కాల్ మేనేజర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే లైసెన్స్ నమోదు చేయకపోయినా 90 రోజులు పనిచేస్తుంది. చదువు ప్రణాళికను ఆ గడువు చుట్టూ వేసుకో. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం దొంగ సైట్ల నుంచి దించుకోవద్దు. అది దొరికేదాకా రూటర్‌లోనే ఉండే కాల్ మేనేజర్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలుపెట్టు. ఇప్పటి పరీక్షలో దానికి పెద్దగా చోటు లేదు, అయినా ఏ నంబరును ఎటు పంపాలో రూటర్‌కు చెప్పే డయల్ పీర్లు చేతికి అలవాటయ్యేది అక్కడే. మన ఎండాకాలాన్ని, కరెంటు కోతలను కూడా మరిచిపోవద్దు. సామానును అటక మీద పెట్టకు, సర్వర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచు, కాల్ మేనేజర్‌ను ఎప్పుడూ కమాండ్ ఇచ్చే ఆపు. ఉన్నట్టుండి కరెంటు పోతే దాని డిస్క్ పాడయ్యే ప్రమాదం ఉంది.

మొదటి వారమంతా ఒక్క ఫోన్ ఆన్ అయి పనిలోకి రావడాన్నే చూడు. కేబుల్ పెట్టగానే స్విచ్ సీడీపీ అనే సిస్కో ప్రోటోకాల్ ద్వారా వాయిస్ వీలాన్ (ఫోన్లకు విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) నంబర్ చెబుతుంది, ఫోన్ ఆ వీలాన్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని అడుగుతుంది, ఐపీ అడ్రస్‌తో పాటు ఆప్షన్ 150 రూపంలో ఫైళ్లు అందించే టీఎఫ్‌టీపీ సర్వర్ అడ్రస్ వస్తుంది, అక్కడి నుంచి తన మ్యాక్ అడ్రస్ (ఫోన్ హార్డ్‌వేర్ నంబరు) పేరుతో ఉన్న సెట్టింగుల ఫైల్‌ను తెచ్చుకుని, సిస్కో సొంత ప్రోటోకాల్ ఎస్‌సీసీపీతో నడిచే ఫోన్ అయితే టీసీపీ 2000 పోర్టు మీద కాల్ మేనేజర్‌లో రిజిస్టర్ అవుతుంది. తర్వాత ఆప్షన్ 150ని కావాలనే తీసేసి ఫోన్‌ను మళ్లీ ఆన్ చెయ్యి. ఐపీ అడ్రస్ వచ్చినా ఫోన్ రిజిస్టర్ కాదు. ఇలా ఒక్కో మెట్టును తొలగించి, ఫోన్ ఎక్కడ ఆగిందో నోటుబుక్కులో రాసుకో.

రెండు ఫోన్లూ మోగాక వాటిని వేర్వేరు సబ్‌నెట్లలో పెట్టు. సిగ్నలింగ్, అంటే కాల్ కలిపే సంకేతాల మార్పిడి, కాల్ మేనేజర్‌తో జరుగుతుంది, మాట మాత్రం ఆర్‌టీపీ ప్యాకెట్లలో ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా పోతుంది. రూటర్ మీద ఒక దిక్కున మాత్రమే ఆ ప్యాకెట్లు వాడే యూడీపీ పోర్టులను 16384 నుంచి 32767 దాకా అడ్డుకుని కాల్ చెయ్యి. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, ఒకరి మాట వినబడుతుంది, రెండోవారిది వినబడదు. ఆఫీసుల్లో నీకు అన్నింటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఇదే, కనుక ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో ఆ కాల్‌ను పట్టి రెండు వైపులా చూడు. మాటను అంకెలుగా కుదించే పద్ధతిని కోడెక్ అంటారు, అక్కడే దాని లెక్క కూడా చూసుకో: జీ.729 అనే కోడెక్‌లో మాట సెకనుకు 8 కిలోబిట్లే, కానీ 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున 20 బైట్ల మాటకు 40 బైట్ల హెడర్ తోడై 24 కిలోబిట్లు అవుతుంది.

ఏ నంబరు నొక్కితే కాల్ ఎటు వెళ్లాలో చెప్పే డయల్ ప్లాన్ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా వృథా కాదు. పుస్తకాల్లోని అమెరికా నంబర్లను కాపీ కొట్టకుండా మన ఊళ్లతోనే కట్టు. అనంతపురం ఆఫీసుకు 2తో, కడపకు 3తో, కర్నూలుకు 4తో మొదలయ్యే నాలుగంకెల ఎక్స్‌టెన్షన్లు ఇయ్యి. 1తో మొదలయ్యేవి వద్దని ఎందుకంటున్నానో చూడు: 1120 అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, ఎవరైనా అత్యవసరంలో 112 నొక్కినప్పుడు కాల్ మేనేజర్ నాలుగో అంకె కోసం 15 సెకన్లు ఎదురుచూస్తుంది. ప్రాణం మీదికి వచ్చినవారికి ఆ 15 సెకన్లు చాలా ఎక్కువ.

ఎస్టీడీ కోడ్లు నీకు తెలిసినవే: అనంతపురం 08554, కడప 08562, కర్నూలు 08518. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు కూడా ముందు సున్నా కొట్టాలి కాబట్టి, ఎస్టీడీ అయినా మొబైల్ అయినా సున్నాతో కలిపి పదకొండు అంకెలే. 8తో మొదలయ్యే మొబైల్ నంబర్లూ ఉన్నాయి, కనుక 08తో మొదలయ్యేవన్నీ ఆపేస్తే కుదరదు. ఇప్పుడు గేటు దగ్గరి ఫోన్‌కు మొబైల్ కాల్స్ ఇచ్చి, ఈ మూడు ఊళ్ల ఎస్టీడీ ఆపు చూద్దాం. పార్టిషన్లు (నంబర్ల గుంపులు), కాలింగ్ సెర్చ్ స్పేస్‌లు (ఏ ఫోన్ ఏ గుంపులకు కాల్ చేయవచ్చో చెప్పే జాబితాలు), నంబరుకు ఎక్కువ దగ్గరగా సరిపోయే ప్యాటర్నే గెలుస్తుందన్న నియమం, ఈ మూడూ ఆ ఒక్క పనితో నీకు పట్టుబడతాయి. అది కుదిరాక బయటికి వెళ్లే ప్రతి నంబరునూ సున్నా తీసి +91 చేర్చి పంపడం సాధన చెయ్యి.

ఇంట్లోని ల్యాండ్‌లైన్‌ను మాత్రం ఈ ల్యాబ్‌కు తగిలించవద్దు. ఒక ఊరి కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా తెచ్చి ఇంకో ఊరి టెలిఫోన్ లైన్‌లోకి దింపి ఎస్టీడీని తప్పించడం మన దేశంలో టెలికాం లైసెన్సు లేనివారు చేయకూడని పని. కాల్ మేనేజర్‌లో లాజికల్ పార్టిషనింగ్ అనే సదుపాయం ఉన్నది ఇలాంటి నిబంధనల కోసమే. మన దగ్గర ఉద్యోగం చేయబోయే నీవు ఆ అధ్యాయాన్ని దాటవేయకు. బయటి లైన్ కావాలనుకుంటే ఒక వర్చువల్ మెషీన్‌లో ఆస్టరిస్క్ అనే ఉచిత ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్ పెట్టి, రూటర్ నుంచి దానికి సిప్ ట్రంక్ (సిప్ ప్రోటోకాల్‌తో కాల్స్ మోసే లింకు) కట్టి, దాన్నే ఊరి ఎక్స్ఛేంజీ అనుకో. ట్రంక్ లేవకపోతే రూటర్‌లోని సిప్ డీబగ్ మొత్తం నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

మామయ్య