కనెక్షన్ విమానం తప్పితే కౌంటర్ దగ్గర ఏం అడగాలి

చెన్నై నుంచి దుబాయ్‌కి ఒక టికెట్, దుబాయ్ నుంచి డాలస్‌కి ఇంకో టికెట్ విడివిడిగా కొంటే నాలుగు డబ్బులు మిగులుతాయని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. మిగిలే మాట నిజమే. కానీ చెన్నైలో మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైన రోజున రెండో విమాన కంపెనీ లెక్కలో మీరు టైముకి రాని మనిషి. నో-షో అని కొట్టేసి, ఆ రోజు రేటుకి కొత్త టికెట్ కొనుక్కోమంటారు. బతిమాలినా గొంతు పెంచినా అక్కడ కూర్చున్న పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే కథే వేరు. మిమ్మల్ని డాలస్ చేర్చే పూచీ కంపెనీది.

ఒకే టికెట్టో కాదో చూసుకోవడం తేలిక. ఈ-టికెట్ కాగితంలో 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడంకెలు కంపెనీవి: 098 అంటే ఎయిరిండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతర్, 220 లుఫ్తాన్సా. అన్ని విమానాలకీ అదే నంబరు ఉంటే ఒకే టికెట్. నాలుగు విమానాలు దాటితే దాని పక్క నంబరు ఇంకోటి వస్తుంది, అదీ సరే. పొంతన లేని రెండు నంబర్లు కనపడితే మాత్రం, ఏజెంటు ఒకే కాగితం మీద అచ్చేసి ఇచ్చినా అవి రెండు టికెట్లే.

నెల్లూరులోనో ఒంగోలులోనో ట్రంకు రోడ్డు మీద తెలిసిన ఏజెంటు దగ్గర కొన్నవాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. బుకింగ్‌లో ఫోన్ నంబరు, ఈమెయిలు చాలాసార్లు ఆయనవే ఉంటాయి. విమానం టైము మారిందని మెసేజ్ ఆయనకి పోతుంది, ఆయన చూస్తే చూసినట్టు. కొన్న రోజే కంపెనీ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి బుకింగ్ తెరవండి. మీ నంబరు, మీ ఈమెయిలు అందులో ఎక్కించండి. అమ్మానాన్నల టికెట్ అయితే అమెరికాలో ఉన్న మీ నంబరే ఇవ్వండి, ఇంట్లో వాళ్ల ఫోన్ రాత్రిపూట ఎవరూ చూడరు.

మధ్యలో ఎంత వ్యవధి ఉండాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. కంపెనీ అమ్మింది కదా, సరిపోతుందిలే అనుకోకండి. వాళ్లు అమ్మేది అన్నీ సవ్యంగా జరిగితే సరిపోయే కనీస వ్యవధి. గల్ఫ్‌లో మారేటప్పుడు వయసు వాళ్లుంటే రెండున్నర గంటలకి తగ్గొద్దు. అమెరికాలో దిగిన మొదటి ఊళ్లోనే ఇంకో విమానం ఎక్కాలంటే మూడు గంటలైనా పెట్టుకోండి. ఎందుకంటే ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు దించుకోవడం అక్కడే. ట్యాగు మీద చివరి ఊరి పేరు రాసున్నా సరే, పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ బెల్టు మీద వేయాలి. ఇది తెలియక పెట్టెలు వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. అబుదాబీ మీదుగా పోతే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబీలోనే అయిపోతుంది, కాబట్టి ఆ వ్యవధి అక్కడ కావాలి. ఇంకో సంగతి: రెండో విమానం ఆ ఊరికి రోజుకి ఒకటే ఉంటే, తప్పితే ఇరవై నాలుగు గంటలు కూర్చోవాల్సిందే. రోజుకి నాలుగైదు ఉన్న దారి కొంచెం ఖరీదైనా మేలు.

అసలు కనెక్షన్ తప్పేది చాలామందికి మన రోడ్డు మీదే. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయం 180 కిలోమీటర్ల లోపే. రోడ్డు ఖాళీగా ఉంటే మూడున్నర గంటలు. ఒంగోలు వాళ్లకి దానిమీద ఇంకో రెండు గంటలు. తడ దాటేదాకా ఇబ్బంది లేదు; గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్ దగ్గర లారీల వెనక ఇరుక్కుంటే గంట అక్కడే పోతుంది. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి తాంబరం వైపు నుంచి వస్తే ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది. నవంబరు, డిసెంబరుల్లో మాత్రం ఈ లెక్కలేవీ నమ్మొద్దు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర హైవేతో పాటు రైలు పట్టా కూడా తెగింది. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుఫానుకి చెన్నై రన్‌వే మీదే నీళ్లు నిలిచాయి. రెండింటికీ తేడా ఉంది. విమానాశ్రయమే మూతపడితే టికెట్ మార్చే బాధ్యత కంపెనీది. పెన్నా పొంగి మీరు రాలేకపోతే అది మీ తప్పు కిందే లెక్క. వాయుగుండం కబురు వినపడగానే ముందురోజే బయల్దేరి పల్లావరం, మీనంబాక్కం చుట్టుపక్కల గది తీసుకోండి.

రాలేమని తేలిపోతే విమానం ఎగరకముందే ఫోన్ చేయండి. ఎగిరాక కాదు. మొదటి విమానానికి నో-షో పడితే ఆ టికెట్ మీదున్న మిగతా విమానాలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, సిస్టమ్ దానంతటదే కొట్టేస్తుంది. 'దుబాయ్‌కి ఎట్టాగో చేరుకుంటాం, అక్కడినుంచి ఈ టికెట్ వాడుకుంటాం' అంటే కుదరదు.

ఇక కనెక్షన్ తప్పింది, ట్రాన్స్‌ఫర్ కౌంటర్ ముందు రెండొందల మంది ఉన్నారు. వరసలో నిలబడండి, నిలబడే మూడు పనులు చేయండి. ఒకటి, కంపెనీ యాప్ తెరవండి. చాలాసార్లు కొత్త విమానం అందులో అప్పటికే వేసి ఉంటుంది. రెండు, ఫోన్ చేయండి. మీరున్న దేశం నంబరు బిజీగా ఉంటే అదే కంపెనీ ఇండియా నంబరుకో సింగపూర్ నంబరుకో చేయండి, అందరూ అదే బుకింగ్ చూస్తారు. మూడు, ఊళ్లో గానీ అమెరికాలో గానీ ఇంటర్నెట్ ముందు కూర్చున్న మనిషికి చెప్పి, మీరు చేరాల్సిన ఊరికి ఆ రోజు ఇంకా ఏ విమానాల్లో సీట్లున్నాయో వెతికించండి. కౌంటర్లో మనిషి అలసిపోయి ఉంటాడు. 'ఏదైనా చూడండి సార్' అంటే రేపటిది వేస్తాడు. 'రాత్రి 8 గంటల ఫలానా నంబరు విమానంలో సీట్లు కనిపిస్తున్నాయి, అందులో వేయండి' అంటే అది కొట్టి చూస్తాడు. వేరే కంపెనీ విమానమైనా అడగండి. వాడాల్సిన మాట 'ఇన్‌వాలంటరీ రీరూట్'. అంటే మార్పు మీరు కోరింది కాదు, కంపెనీ వల్ల వచ్చింది, తేడా డబ్బులు కట్టక్కర్లేదు అని.

యాప్‌లో 'క్యాన్సిల్' అనో 'రిఫండ్' అనో కనపడగానే నొక్కొద్దు. నొక్కితే టికెట్ డబ్బులు వెనక్కొస్తాయేమో గానీ, మిమ్మల్ని చేర్చే పూచీ అక్కడితో సరి. ఆ రోజు కొత్త టికెట్ దానికి రెండింతలు ఉంటుంది.

కొత్త విమానం ఇచ్చాక కదలకుండా ఇంకో ప్రశ్న అడగాలి: టికెట్ రీఇష్యూ అయిందా? ఇది మనోళ్లలో ఎక్కువమందికి తెలియదు. సీటు రిజర్వ్ చేయడం ఒక పని, దానికి టికెట్ మార్చి రాయడం ఇంకో పని. మొదటిది చేసి రెండోది మరిచిపోతే మీ ఫోన్‌లో విమానం కనపడుతుంది, మరుసటి పొద్దున చెక్-ఇన్‌లో 'మీకు టికెట్ లేదు' అంటారు. వేరే కంపెనీకి మార్చినప్పుడు ఇది మరీ ఎక్కువ. కొత్త 13 అంకెల నంబరు రాయించుకోండి, వీలైతే బోర్డింగ్ పాస్ అక్కడే చేతిలో పడాలి.

కొత్త దారిని వీసా కళ్లతో కూడా చూడండి. పారిస్‌లో దిగి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకోటి ఎక్కమంటే, ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం షెంజెన్ (ఒకే వీసా నడిచే యూరప్ దేశాల గుంపు) లోపలిది. షెంజెన్ వీసా లేని భారత పాస్‌పోర్టుతో కుదరదు. లండన్ హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కమన్నా అంతే, మధ్యలో ఇంగ్లండ్‌లోకి అడుగు పెట్టాలి. కంప్యూటర్ వేసేటప్పుడు ఇవేవీ చూడదు. హోటల్ వోచర్ ఇచ్చినా వీసా లేకపోతే బయటికి పోలేరు, అప్పుడు ట్రాన్సిట్ లోపలి హోటలో లాంజో అడగాలి.

అమ్మానాన్న ఒంటరిగా వస్తుంటే వీల్‌చెయిర్ కనీసం 48 గంటల ముందు చెప్పి పెట్టండి. నడవగలిగినా సరే, దారి చూపే మనిషి కోసం. దాంతోపాటు ఒక కాగితం రాసివ్వండి. పైన ఇంగ్లీషు వాక్యం, కింద అదే తెలుగు అక్షరాల్లో, పక్కన అర్థం: 'మై ఫ్లైట్ కేమ్ లేట్. ఐ మిస్డ్ మై కనెక్షన్. ప్లీజ్ పుట్ మీ ఆన్ ద నెక్స్ట్ ఫ్లైట్.' ఇంకో వరసలో 'ప్లీజ్ కాల్ మై సన్', దాని కింద మీ నంబరు దేశం కోడ్‌తో సహా. నాయన చదివి వినిపించినా సరే, కాగితం చాచినా సరే. పీఎన్ఆర్, మాత్రల పేర్లు కూడా అందులోనే. విమానాశ్రయం వైఫైకి చాలా చోట్ల ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. రోమింగ్ లేకపోతే ఆ ఓటీపీ రాదు, కాబట్టి వాట్సాప్ మీదే ఆశ పెట్టుకోకుండా చిన్న రోమింగ్ ప్యాక్ వేయించండి.

నష్టపరిహారం విషయంలో పుకార్లే ఎక్కువ. 'యూరప్ మీదుగా పోయి ఆలస్యమైతే 600 యూరోలు' అని వాట్సాప్‌లో తిరుగుతుంది. యూరప్ నియమం 261 ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో చివరి ఊరికి నాలుగు గంటలు ఆలస్యంగా చేరితే 600 యూరోలు, మూడు నాలుగు గంటల మధ్య అయితే 300. కానీ ప్రయాణం యూరప్‌లో మొదలవ్వాలి, లేదా యూరప్ కంపెనీలో వచ్చి యూరప్‌లో ముగియాలి. చెన్నైలో ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి డాలస్‌లో దిగేవాళ్లకి రెండు కొనలూ బయటివే. అట్టాంటి ప్రయాణానికి ఇది వర్తించదని యూరప్ కోర్టు 2022లో తేల్చేసింది. ఇంగ్లండ్‌లోనూ ఇదే పద్ధతి, దూర ప్రయాణానికి 520 పౌండ్లు. లండన్‌లో గల్ఫ్ కంపెనీ విమానం ఎక్కి, దుబాయ్‌లో కనెక్షన్ తప్పి చెన్నైకి ఆలస్యంగా వస్తే అడగొచ్చు. అదే కంపెనీలో చెన్నై నుంచి లండన్‌కి పోతే అడగలేరు. తుఫాను, మంచు, ఏటీసీ (విమానాల రాకపోకలు నడిపే కంట్రోల్) లాంటి కారణాలకి డబ్బు రాదు. తిండి, బస మాత్రం కారణం ఏదైనా ఇవ్వాలి. 'టెక్నికల్ ప్రాబ్లమ్' మామూలుగా కంపెనీ పూచీయే, కాబట్టి కారణం రాతపూర్వకంగా తీసుకోండి.

అమెరికాలో ఆలస్యానికి పరిహారం అనే చట్టమే లేదు. రద్దయినా, దేశం లోపల మూడు గంటలు, అంతర్జాతీయంగా ఆరు గంటలు దాటినా మీరు ప్రయాణం మానుకుంటే డబ్బు వెనక్కివ్వాలి, క్రెడిట్ కార్డుకైతే ఏడు పనిదినాల్లో. వోచర్ పుచ్చుకుంటే ఆ హక్కు వదులుకున్నట్టే. కెనడాలో పెద్ద కంపెనీలు వాళ్ల చేతిలోని కారణానికి ఆలస్యమైతే గంటలని బట్టి 400, 700, 1,000 కెనడా డాలర్లు ఇవ్వాలి. ఏడాది లోపల అడగాలి.

పెట్టె రాకపోతే బెల్టు హాలు దాటి బయటికి రావద్దు. అక్కడే బ్యాగేజీ కౌంటర్లో పీఐఆర్ (పెట్టె రాలేదనే ఫిర్యాదు పత్రం) రాయించి, అక్షరాలూ అంకెలూ కలిసిన పది స్థానాల నంబరు తీసుకోండి. బయటికొచ్చి మర్నాడు ఫోన్ చేస్తే 'మీరు తీసుకెళ్లలేదని ఏంటి రుజువు' అంటారు. కొన్న బట్టలకి, సబ్బుకి రసీదులు దాచండి. పెట్టె పగిలితే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టు లెక్క. విమాన ప్రయాణికుల నష్టాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి గరిష్ఠం 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్), అంటే సుమారు రెండు వేల డాలర్లు, అదీ రుజువు చూపినంత మేరకే. బంగారం, మాత్రలు చేతిసంచిలో. ఆవకాయ సీసాలో వద్దు. రెండు రోజులు ఎండలో విమానాలు ఆగే చోట నేల మీద పడున్న పెట్టెలో నూనె ఎక్కడెక్కడికి పాకుతుందో చెప్పనక్కర్లేదు.

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. పీఎన్ఆర్, టికెట్ నంబరు, విమానం, తేదీ, చేరాల్సిన టైము, చేరిన టైము, ఏ నియమం కింద ఎంత, బ్యాంకు వివరాలు. ఎవరు ఎంత దురుసుగా మాట్లాడారో చివర రెండు వాక్యాలు చాలు, అది ముందు రాస్తే 'క్షమించండి' అనే మెయిలు వచ్చి ఫైలు మూసేస్తారు. ఇప్పిస్తామనే ఏజెన్సీలు వచ్చినదాంట్లో నాలుగో వంతుకు తగ్గకుండా కోసుకుంటాయి, ముందు మీరే రాయండి. అమెరికాలో జవాబు లేకపోతే రవాణా శాఖకి, ఇండియాలో ఎయిర్‌సేవా పోర్టల్‌లో పెట్టండి. అమ్మానాన్న టికెట్ అయితే ఇంకో దారి ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అంటే కావలి వాళ్లు నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లో, సింగరాయకొండ వాళ్లు ఒంగోలులో. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, గడువు రెండేళ్లు. బోర్డింగ్ పాస్ ముక్క, పెట్టె ట్యాగు అప్పటిదాకా పారేయకుండా పాస్‌పోర్టు కవర్లోనే ఉంచమని చెప్పండి.