తేలిక పని కావాలంటే డాక్టరు చేత ‘రెస్ట్’ అని మాత్రం రాయించుకోకండి

గుంటూరులో సూపర్‌మార్కెట్‌లో పని చేస్తున్నానని, నడుములో డిస్క్ జరిగిందని, బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పారని రాశారు. కొన్నాళ్లు తేలిక పని ఇమ్మంటే ఉద్యోగం పోతుందా, అసలు ఎలా అడగాలి అని మీ ప్రశ్న. నాకు వచ్చింది నడుము నొప్పి కాదు, కాళ్ల జబ్బు. అడగడం మాత్రం ఎవరికైనా ఒకటే కాబట్టి చెబుతున్నాను.

విజయవాడ బందరు రోడ్డులో ఒక పెద్ద బట్టల షోరూంలో పట్టుచీరల సెక్షన్ నాది. పొద్దున పదింటికి కౌంటర్ వెనక నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా, అన్నానికి ఇచ్చే అరగంట తప్ప కూర్చునేది లేదు. అలా తొమ్మిదేళ్లు చేశాక ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి నీలంగా కనపడసాగాయి. వెరికోస్ వెయిన్స్ అన్నారు. కాళ్లలో రక్తాన్ని పైకే పోనిచ్చే చిన్న కవాటాలు ఆ నరాల లోపల ఉంటాయి, అవి పాడైతే రక్తం కిందికి జారి అక్కడే నిలిచిపోతుంది, గంటల తరబడి కదలకుండా నిలబడితే ఇంకా ముదురుతుంది. అది తెలిసి కూడా ఏడాది పాటు నోరు విప్పలేదు, ఎందుకంటే మా సెక్షన్‌లో కాళ్ల నొప్పులు లేనివాళ్లు ఒక్కరూ లేరు, అందరికీ ఉన్నదే కదా అనుకున్నాను.

2022 శ్రావణ మాసంలో మైలవరం వైపు నుంచి పెళ్లివాళ్లు పన్నెండు మంది వచ్చారు. ముహూర్తం చీర దగ్గర పెళ్లికూతురికీ మేనత్తకీ కుదరలేదు. ఒకళ్లకి అంచు పెద్దదవ్వాలి, ఒకళ్లకి ఆ ఎరుపు పనికిరాదు. కింది అరలోంచి వంగి తీయడం, విప్పి పరచడం, మళ్లీ వంగడం. రెండున్నర గంటలు గడిచాక చీలమండ దగ్గర వెచ్చగా తగిలింది. ఎవరి నీళ్ల సీసానో ఒలికిందనుకున్నాను. వంగి చూస్తే సాక్స్ తడిసి ఎర్రగా ఉంది, చెప్పులోకి కారుతోంది. కింది అర రేకు అంచు ఉబ్బిన నరానికి గీసుకుంది, నాకు నొప్పి కూడా తెలియలేదు. అప్పుడు ఆ గుంపులోని ముసలావిడ ఒకావిడ కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి, “పడుకో అమ్మాయ్, కాలు కిందికి దించకు” అని నన్ను నేల మీద పడుకోబెట్టి, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని చేతిరుమాలుతో గట్టిగా అదిమి పట్టుకుంది. పది నిమిషాలకి ఆగింది. మా ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ పరిగెత్తుకొచ్చి ముందు చేసిన పని, చీరలకు మరకలు అంటకుండా పక్కకు లాగడం. ఆ ముసలావిడ పేరు కూడా నేను అడగలేకపోయాను.

మర్నాడు సూర్యారావుపేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే పరీక్ష చేసి, కాళ్లకి బిగుతుగా వేసుకునే మేజోళ్లు రాసి, చీటీ మీద ‘మూడు వారాలు రెస్ట్’ అని రాశారు. అదే పట్టుకెళ్లి, “సార్, ఏదైనా కూర్చుని చేసే పని ఇవ్వండి” అన్నాను మేనేజర్‌తో. ఆయన చీటీ రెండుసార్లు చదివి, “రెస్ట్ అని రాశారు కదమ్మా, ఇంట్లో తీసుకో, సీజన్ అయ్యాక రా” అన్నారు. అంటే జీతం లేకుండా. ఆయన తప్పు ఆయనది, కానీ చీటీలో ఉన్నదే ఆయన చదివారు. మన డాక్టర్లు అలవాటుగా రెస్ట్ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. రెస్ట్ అంటే పనికి వచ్చే స్థితిలో లేదని, తేలిక పని అంటే పని చేయగలదని. ఈ రెండింటికీ ఉన్న తేడా మీదే మన నెల జీతం నిలబడి ఉంటుంది.

ఇంట్లో ఉన్న ఆ రోజుల్లోనే మా తమ్ముడు నా జీతం చీటీ చూసి, “అక్కా, ఈఎస్ఐ కట్ అవుతోంది కదా, ఎందుకు వాడుకోవు” అన్నాడు. ఈఎస్ఐ అంటే ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. 14,000 జీతంలో నెలనెలా 105 రూపాయలు పోతున్నాయి, అవెందుకో నేను అడిగిన పాపాన పోలేదు. మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 21,000 లోపు జీతం ఉండి, కంపెనీ కడుతుంటే మీకూ ఉన్నట్టే. వాళ్ల డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, అంతకుముందు వాళ్లు లెక్కగట్టే ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు కోత పడి ఉంటే, మొదటి రెండు రోజులు పోను, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. అది పనికి వెళ్లకుండా ఇంట్లో ఉన్న రోజులకే, తేలిక పని చేస్తూ తీసుకునేది కాదు. ఆ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదని నేను తీసుకున్నప్పటి ఈఎస్ఐ చట్టంలోనే ఉంది. నేను గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకుని, ఆ మూడు వారాలకీ అలాగే తీసుకున్నాను.

తర్వాత మళ్లీ సూర్యారావుపేట డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈసారి ఎదురుగా కూర్చుని రాయించుకున్నాను. అరగంటకు మించి వరసగా నిలబడకూడదు, కుర్చీలో కూర్చుని రోజంతా పని చేయగలదు, ఆరు వారాలు, తర్వాత మళ్లీ చూడాలి. అంతే, నాలుగు లైన్లు. షోరూంకి వెళ్లేముందు మా సెక్షన్ అమ్మాయికి ఫోన్ చేసి ఎక్కడ పని ఆగిపోయి ఉందో కనుక్కున్నాను. మూడో అంతస్తులో ట్యాగులు వేసే కుర్రాడు మానేశాడని, ఆరు బేళ్ల సరుకు విప్పకుండా పడి ఉందని చెప్పింది. నేను మేనేజర్‌ని తేలిక పని అడగలేదు. “సార్, ఆ ఆరు బేళ్లకీ కూర్చుని ట్యాగులు నేను వేస్తాను, ఆరు వారాల తర్వాత కౌంటర్‌కి వచ్చేస్తాను” అన్నాను. ఆయన లెటర్ చూసి, “ఇన్సెంటివ్ రాదు మరి” అన్నారు. జీతం తగ్గదు కదా అని అడిగి, ఆ సాయంత్రమే ఇదంతా వాట్సాప్‌లో ఆయనకి పెట్టాను, తేదీలతో సహా. ఆయన ఓకే అని కొట్టారు. నెలాఖరున అకౌంట్స్‌లో జీతం తగ్గించబోతే ఆ ఓకేనే చూపించాను.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. షాపుల్లో నిలబడి చేసేవాళ్లకి ఒక స్టూల్ వేస్తే ఏం పోతుంది? కూర్చుంటే కస్టమర్‌కి మర్యాద ఇవ్వనట్టట. ఇన్నేళ్లలో ఒక్క కస్టమర్ కూడా నువ్వెందుకు కూర్చున్నావని నన్ను అడగలేదు, కెమెరాలో చూసి కేబిన్ నుంచి ఫోన్ చేసేది మావాళ్లే. నిలబడి చేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. షాపుల్లో వాళ్ల కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. అక్కడ చీరలు అమ్ముడుపోవడం ఆగలేదు కదా. కడుపుతో ఉన్న అమ్మాయిలు కూడా ఎనిమిదో నెల దాకా మా పక్కనే నిలబడతారు. పురుటికి ముందు చివరి ఆరు వారాలు ఉంటాయి చూడండి, వాటికి ముందు నెలలో ఎక్కువసేపు నిలబడే పని వద్దని అడిగే హక్కు 1961 ప్రసూతి చట్టం నాటి నుంచే ఉంది, ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పరు.

మీ విషయానికొస్తే, సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ ఉంది, ఎక్స్‌పైరీ తేదీలు చూసే పని ఉంది, ధరల స్టిక్కర్లు ఉన్నాయి. వీటిలో ఏది వెనకబడి ఉందో ముందు చూసుకోండి. నడుముకి గంటల తరబడి ఒకే చోట కూర్చోవడం కూడా మంచిది కాదంటారు, అందుకని మధ్యలో లేచి తిరగాలన్నది కూడా రాయించుకోండి. ఎన్ని కిలోలకు మించి ఎత్తకూడదో అంకె వేయమనండి, బరువులు వద్దు అని మాత్రం రాస్తే పది కిలోల పప్పు బస్తా బరువు కాదంటారు. ఇప్పటికే రెస్ట్ అని రాయించుకుని ఉంటే వారంలోపే వెనక్కి వెళ్లండి, చాలా చోట్ల రెండోసారి ఫీజు తీసుకోరు.