సైకిళ్ల మీద శ్రీలంక: చిట్టీ పాడొద్దు, నెల మార్చండి

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో పని చేస్తారు. ఇద్దరివీ కలిపి నెలకు 96 వేలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 24 వేలు, చిట్టీకి డివిడెండ్ పోను 17 వేల దాకా, ఆర్డీకి 8 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు పోతాయి. సేవింగ్స్‌లో 1.10 లక్షలు ఉన్నాయి. షుగర్ ఉన్న అత్తమ్మ మాతోనే ఉంటారు. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరం కలిసి ఎక్కడికీ పోలేదు. ఆదివారాలు సైకిళ్లు తొక్కడం ఇద్దరికీ అలవాటు. ఈ దసరాకు శ్రీలంకలో రెండు వారాలు సైకిళ్ల మీద తిరగాలని ఉంది. కొత్త సైకిళ్లకు 90 వేలతో కలిపి 3 లక్షలు అవుతాయని లెక్కేశాం. 25 నెలల 5 లక్షల చిట్టీలో 9 వాయిదాలు కట్టాం. చిట్ కంపెనీ కమిషన్ 5 శాతం. పోయిన నెల పాట లక్షా పది వేలకు పోయింది. ఈసారి మేమే పాడి ఎత్తుకుందామా, లేక పర్సనల్ లోన్ తీసుకోవాలా? సైకిల్ తొక్కడానికి విమానం ఎక్కి పోవాలా అని ఇంట్లో అంటున్నారు. అది కూడా చెప్పండి.

జవాబు: ముందు మీ చివరి మాటకు జవాబు చెబుతాను. పోవాలి. ఆరేళ్లుగా ఈఎంఐ తప్పకుండా కడుతూ, అత్తమ్మను చూసుకుంటూ, ఆర్డీ, చిట్టీ నడుపుతున్న ఇల్లు మీది. ఇద్దరికీ ఇష్టమైన పనికి రెండు వారాలు, కొంత డబ్బు పెట్టుకోవడం దుబారా కాదు. నాకు అభ్యంతరం ఆ డబ్బు తెచ్చే దారి మీద, వెళ్లే నెల మీద. ఆ రెండూ మారితే మీ మూడు లక్షల ఖర్చు లక్షా అరవై అయిదు వేలకు దిగుతుంది, అప్పు చేసే పని ఉండదు.

చిట్టీ సంగతి. ఇప్పుడు లక్షా పది వేలకు పాడి ఎత్తితే, 5 లక్షల్లో ఆ డబ్బు వదులుకోగా చేతికి 3.90 లక్షలు వస్తాయి. పాడకుండా చివరిదాకా ఉంటే కమిషన్ 25 వేలు పోను 4.75 లక్షలు వస్తాయి. అంటే పదిహేను నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరు వదులుకునేది 85 వేలు. ఏడాదికి లెక్కేస్తే సుమారు 17 శాతం వడ్డీ. పైగా సేవింగ్స్ ఊడ్చేసినా మీకు తక్కువ పడేది 1.90 లక్షలే. దానికోసం 3.90 లక్షలు ఎత్తితే మిగిలిన రెండు లక్షలకూ అదే వడ్డీ కట్టినట్టవుతుంది. కిలో పప్పు కావలసి బస్తా కొనడం లాంటిది ఇది. ఆ మిగిలింది ఎఫ్‌డీలో వేస్తాం అంటారేమో, అక్కడ 6, 7 శాతం దాటదు.

ఇంకో మాట కూడా ఉంది. ఎత్తిన చిట్టీకి జామీను ఇవ్వాలి. మీది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి మీ తోటి సిస్టర్లనే జీతం సర్టిఫికెట్లు అడగాల్సి వస్తుంది. రేపు వాళ్లు అడిగితే మీరూ కాదనలేరు. విహారయాత్ర కోసం నలుగురి సంతకాలు మెడకు కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ చిట్టీని చివరి నెలల దాకా నడవనివ్వండి. పాట బాగా తగ్గాక ఎత్తి, కొంత అత్యవసర నిధికి, మిగిలింది ఇంటి లోన్ అసలుకు కట్టండి. కంపెనీ రిజిస్టర్డ్ అవునో కాదో, మీ గ్రూపు నంబరు చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర ఉందో లేదో ఈలోపు ఒకసారి చూసుకోండి. 5 శాతం కమిషన్ మాత్రం న్యాయమైనదే. 2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది.

పర్సనల్ లోన్ చిట్టీ కన్నా చౌక, అది నిజం. 2 లక్షలు 14 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 9,600, మొత్తం వడ్డీ 30 వేల చిల్లర. కానీ మీకు నెలకు మిగిలేది 7 వేలు. ఆ తేడా కోసం ఆర్డీ ఆపేస్తారు. తిరిగొచ్చాక రెండేళ్లు ప్రతి నెలా ఆ ప్రయాణాన్ని తిట్టుకుంటారు.

ఇక దసరా. ఈ పాయింట్ మీరు అసలు చూసుకోలేదనిపించింది. శ్రీలంక చిన్న దీవే అయినా రెండు రుతుపవనాలు రెండు వైపులా వేర్వేరు నెలల్లో తడుపుతాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలు కొలంబో, గాలె ఉన్న పడమర, దక్షిణ తీరాల వైపు పడతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వానలు ట్రింకోమలీ, జాఫ్నా వైపు. మధ్యలో వచ్చే అక్టోబర్, నవంబర్లలో దీవంతా మబ్బే. తుఫాన్లు పుట్టే కాలం కూడా అదే. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫాను కొండ ప్రాంతాలను ఎంత దెబ్బ తీసిందో టీవీలో చూసే ఉంటారు. కారులో తిరిగేవాళ్లకు వాన అంటే కాస్త ఆలస్యం. సైకిల్ వాళ్లకు వాన అంటే ఆ రోజు పోయినట్టే. గది అద్దె, తిండి ఖర్చు మాత్రం ఆగవు.

ఫిబ్రవరి రెండో సగంలో వెళ్లండి. దక్షిణ తీరం అప్పుడు పొడిగా ఉంటుంది. మీకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మేడారం పెద్ద జాతర రెండేళ్లకోసారి, అది 2026లో అయిపోయింది. వచ్చే ఫిబ్రవరిలో జాతర డ్యూటీలు పడే బాధ, ఇంటి నిండా చుట్టాలు దిగే హడావుడి మీకు ఉండవు.

డబ్బు కూడా సరిగ్గా అప్పటికే చేతికొస్తుంది. ఆర్డీ డిసెంబర్‌లో 12 నెలలు నిండితే 99 వేల పైచిలుకు వస్తుంది. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా మిగులు నెలకు 7 వేల చొప్పున 49 వేలు. ఆర్డీ అయిపోయాక జనవరి, ఫిబ్రవరి నెలల 8 వేలు రెండూ కలిపి 16 వేలు. మొత్తం 1.64 లక్షలు. ఆ 7 వేలు ఇప్పుడు ఎటు పోతున్నాయో మీకే తెలియడం లేదని అనుకుంటున్నాను. జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు పంపేయండి.

ఖర్చు వైపు నా లెక్క ఇది. ఇద్దరి విమానానికి, సైకిళ్ల అదనపు లగేజీతో కలిపి 58 వేలు. గదులకు 30 వేలు, గెస్ట్‌హౌస్‌లు చాలు, స్టార్ హోటళ్లు వద్దు. తిండికి 20 వేలు. సైకిళ్ల మరమ్మతు, సామాన్లకు 20 వేలు. వీసా, ఇన్సూరెన్స్‌కు 10 వేలు. వ్యాన్లు, టికెట్లకు 12 వేలు. ఏదైనా అవసరానికి 15 వేలు పక్కన. కలిపితే 1.65 లక్షలు. వెయ్యి రూపాయల తేడా మీరే సర్దుకోగలరు.

కొత్త సైకిళ్ల 90 వేలు నేను పూర్తిగా కొట్టేశాను. మీ వారికి కోపం రావచ్చు. 2025 సెప్టెంబర్‌లో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడే కొనాలి అంటారేమో. అలా తగ్గింది మీ 90 వేల మీద 6 వేలు. ఆ 6 వేలు మిగులుతాయని 90 వేలు ఖర్చు పెట్టక్కర్లేదు. మీరు తొక్కబోయేది రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు, మంచి తారు రోడ్డు మీద. ఇంట్లో ఉన్న గేర్ సైకిళ్లకు కొత్త టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైను వేయించి, వెనక క్యారియర్, దానికి తగిలించే సంచులు కొనండి. తర్వాత ఆ బరువుతోనే హనుమకొండ నుంచి రామప్పకు ఒక శనివారం పోయి, ఆ చుట్టుపక్కలే రాత్రి ఉండి, ఆదివారం తిరిగి రండి. ఒక వైపు 65, 70 కిలోమీటర్లు ఉంటుంది. సీటు నొప్పి పుడుతుందా, సంచులు చక్రానికి తగులుతున్నాయా అన్నది విమానం టికెట్ కొనకముందే తెలిసిపోతుంది. రెండుసార్లు అలా పోయొచ్చాక కూడా కొత్త సైకిల్ కావాలనిపిస్తే అప్పుడు నాకు మళ్లీ రాయండి, విడిగా ఆలోచిద్దాం.

దారి గురించి ఒక్క సూచన, అది కూడా డబ్బు కోణంలోనే. విమానాశ్రయం నెగొంబో పక్కనే ఉంటుంది. మొదటి రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు సైకిళ్లతో సహా వ్యాన్ మాట్లాడుకుని గాలె చేరండి. కొలంబో నుంచి గాలె దాకా తీరం రోడ్డు మీద బస్సుల జోరు ఎక్కువ, అక్కడ తొక్కడంలో సంతోషం లేదు. గాలె నుంచి మాతర, తంగల్లె, హంబన్‌తోట మీదుగా తిస్సమహారామ దాకా సుమారు 150 కిలోమీటర్లు. సముద్రం చూసుకుంటూ నాలుగైదు రోజుల్లో నింపాదిగా పోవచ్చు. పొద్దున ఆరింటికి బయల్దేరి పదింటికల్లా ఆగిపోండి, ఆ ఎండ మన ఎండ లాంటిది కాదు, ఉక్క ఎక్కువ. అక్కడి నుంచి కొండల్లో ఉన్న ఎల్ల ఊరికి వెళ్లాలంటే వెల్లవాయ దాటాక కొండ ఎక్కాలి. ఎల్ల వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. ఆ ముక్కకు మళ్లీ వ్యాన్ పెట్టుకోండి. కొండల్లోని రైలు మార్గం తుఫానుకు బాగా దెబ్బతింది కాబట్టి రైలును నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

ప్యాకేజీ కొనొద్దు. విమానం, హోటల్ రెండూ కలిపి ఒకరి దగ్గరే కొంటే అది విదేశీ టూర్ ప్యాకేజీ కిందికి వస్తుంది, టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. కానీ అన్ని నెలలు మీ డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్, గదులు విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఆ గొడవ లేదు. అక్కడ మామూలు క్రెడిట్ కార్డు గీకితే ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బు మార్పిడికి బ్యాంకు వేసే అదనపు చార్జీ, 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, వెరసి వందకు నాలుగు రూపాయల పైన పోతుంది. మార్కప్ తక్కువున్న కార్డు మీ బ్యాంకులో ఉందేమో అడగండి. మిషన్ మీద ‘ఇండియన్ రూపాయల్లో కడతారా’ అని వస్తే వద్దని, అక్కడి రూపాయల్లోనే కట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ శ్రీలంకలో కొన్ని చోట్ల పనిచేస్తోంది. పల్లె దారిలో కొబ్బరి బోండాం అమ్మే అవ్వ దగ్గర మాత్రం నోట్లే కావాలి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ధర కన్నా ముందు మినహాయింపుల పేజీ చదవండి. కొన్ని పాలసీలు సాహస క్రీడలను పక్కన పెడతాయి. సైకిల్ మీద పడి చెయ్యి విరిగితే ఇస్తారా అని కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇక్కడి ఆరోగ్య కార్డులు అక్కడ చెల్లవు.

సేవింగ్స్‌లోని 1.10 లక్షలు ముట్టుకోవద్దు. మీకు నెలకు ఈఎంఐ, చిట్టీ, ఇంటి ఖర్చు కలిపి 81 వేలు కావాలి. అంటే మీ దగ్గరున్నది నెలా పది రోజులకు సరిపడా మాత్రమే. అత్తమ్మకు షుగర్ ఉంది, మీరు దేశంలో ఉండరు. ఆ రెండు వారాలు ఆమెను చూసుకునేవాళ్లకు 30 వేల దాకా అందుబాటులో ఉండేలా చేసి వెళ్లండి. ప్రయాణంలో అవసరానికని పక్కన పెట్టిన పదిహేను వేలు ఖర్చు కాకపోతే తిరిగొచ్చాక ఈ ఖాతాలోనే వేయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది మీ ఆఫీసు పని. ప్రభుత్వ ఉద్యోగులు విదేశాలకు పోవాలంటే ముందస్తు అనుమతి ఉండాలి, ఫైలు కదలడానికి నెలలు పడుతుంది. సెప్టెంబర్‌లోనే దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు ఉందో లేదో ఇద్దరూ చూసుకోండి. అనుమతి కాగితం, ఆర్డీ డబ్బు రెండూ చేతికొచ్చాకే డిసెంబర్‌లో టికెట్లు కొనండి. ఒకవేళ అనుమతి ఆలస్యమైతే ఇదే డబ్బుతో, ఇదే ఫిబ్రవరిలో అండమాన్‌కు మార్చుకోండి. పాస్‌పోర్టు అక్కర్లేదు, మీ సైకిళ్లు అక్కడా తిరుగుతాయి.