స్కాచ్ సీసా మీద రాసే "12 ఏళ్లు" దేని వయసు?

ఆ సీసాలో కలిపిన విస్కీలన్నిటిలోకీ అతి చిన్నదాని వయసు అది; సగటు కాదు. విస్కీకి వయసు వచ్చేది ఓక్ పీపాలోనే. కొయ్యలోంచి రంగు, వనిల్లా వాసన, కాస్త ఒగరు అందులోకి దిగుతాయి, పచ్చి ఘాటు తగ్గుతుంది. ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది కూడా. స్కాట్లాండ్‌లో దాన్ని ముద్దుగా 'దేవదూతల వాటా' అంటారు. చట్టప్రకారం 700 లీటర్లకు మించని పీపాలో, స్కాట్లాండ్‌లోనే, కనీసం 3 ఏళ్లు ఉండాలి. 25 ఏళ్లది 99 లీటర్లకు 12 ఏళ్లది ఒక్క లీటరు కలిపినా, లేబుల్‌పై వయసు వేయాలంటే 12 అనే వేయాలి.

సీసాను పదేళ్లు బీరువాలో దాచితే 22 ఏళ్లదవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. గాజు దానికి ఏమీ ఇవ్వదు, సీసాలో పోసిన రోజే వయసు ఆగిపోతుంది. దాచినా నిలబెట్టే ఉంచాలి. వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది.