టమాటా మొక్క పచ్చగానే వాడిపోతోందా? ముందు నీళ్లు ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పెరట్లో ఒకే వరసలో ఆరు టమాటా మొక్కలు వేశాను. పిందె పడి బాగున్నాయనుకునేలోపే చివరి రెండు మొక్కలు తల వాల్చేశాయి. మొదటి రెండు రోజులు ఎండకు వాడి సాయంత్రానికి లేచాయి. ఇప్పుడు తెల్లవారినా లేవడం లేదు. ఆకు మాత్రం పచ్చగానే ఉంది. రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తున్నాను, పురుగుమందు కూడా కొట్టాను. మిగతా నాలుగైనా దక్కుతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: దక్కే అవకాశం ఉందమ్మా. అయితే ఈరోజే రెండు పనులు ఆపేయండి. ఒకటి రెండు పూటలా నీళ్లు పోయడం, రెండోది మందు కొట్టడం. మొక్క వాడగానే చెయ్యి చెంబు మీదికి పోవడం సహజమే. కానీ వాడటమంటే ఆకుకు నీరు అందడం లేదని మాత్రమే అర్థం. మట్టిలో నీరు లేక కావచ్చు, ఉన్న నీటిని వేరు తీసుకోలేక కావచ్చు, కాండంలో దారి మూసుకుపోయి కావచ్చు. పాదులో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. అక్కడ తడి తగిలితే ఇంకా నీళ్లు పోయడం వల్ల వేరుకు గాలి ఆడక కుళ్లడమే తప్ప లాభం ఉండదు.

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకునే మొక్క గురించి నేను పెద్దగా కంగారుపడను. ఎండ దెబ్బకు అది మామూలే. మీ మొక్కలు తెల్లవారినా లేవడం లేదు, పైగా ఆకు పసుపెక్కకుండా పచ్చగానే వేలాడుతోంది. ఈ రెండూ కలిస్తే నా అనుమానం ముందుగా బాక్టీరియా ఎండు తెగులు మీదికే పోతుంది. ఇది మట్టిలోంచి వేరు గాయాల ద్వారా లోపలికి వెళ్లి, కాండంలో నీరు పైకెక్కే సన్నటి గొట్టాల్లో పెరిగి వాటిని మూసేస్తుంది. వేడి, తడి రెండూ ఉన్నప్పుడు బాగా విజృంభిస్తుంది.

అనుమానం తీర్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, గాజు గ్లాసు చాలు. బాగా వాడిన మొక్కను మట్టికి కాస్త పైన కోసి, మొదలు వైపు నుంచి వేలెడు ముక్క తీయండి. గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా ముక్కను దారంతో వేలాడదీయండి. గ్లాసును కదపకుండా, వెనక నల్లటి గుడ్డ పెట్టి ఐదు నిమిషాలు చూడండి. కోసిన చోటు నుంచి పాల చుక్క జారినట్టు తెల్లటి సన్నని ధారలు కిందికి దిగితే అది బాక్టీరియానే.

నీళ్లు తేటగానే ఉంటే కాండాన్ని నిలువునా చీల్చండి. తొక్క కింద గోధుమరంగు చార కనిపించి, కింది ఆకులు ఒక పక్క నుంచి పసుపెక్కుతుంటే ఫ్యుజేరియం అనే బూజు వల్ల వచ్చే ఎండు తెగులు. మొదలు దగ్గర తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు ఉంటే మొదలు కుళ్లు. వేళ్ల మీద బొడిపెలుంటే నులిపురుగులు. వేరు నల్లబడి, లాగితే పైపొర ఊడివస్తే అది నీరు ఎక్కువై వచ్చిన వేరు కుళ్లు.

బాక్టీరియా అని తేలితే ఆ రెండు మొక్కలను బతికించే మందు లేదు. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే, పిందె మీదున్న మొక్క పీకాలంటే ఎవరికైనా మనసు రాదు. కానీ వాటిని ఉంచితే మిగతా నాలుగూ పోతాయి. వేళ్లతో సహా, చుట్టూ ఉన్న మట్టితో కలిపి తీసి సంచిలో మూటగట్టి పారేయండి. కంపోస్టులో మాత్రం వేయకండి. చాకు, పార, చెప్పులు, చేతులు శుభ్రంగా కడగండి. చాకుకు స్పిరిట్ కూడా రాయండి.

మీ వరసలో నీళ్లు ఎటు పారతాయో ఒకసారి గమనించండి. వాడిన మొక్కల వైపు నుంచి మంచి మొక్కల వైపు పారుతుంటే తెగులును మనమే మోసుకెళ్లినట్టు. మధ్యలో చిన్న గట్టు వేసి, మిగిలిన నాలుగింటికీ దేని పాదులో దానికి విడిగా, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. వాటి దగ్గర తవ్వకండి, వేరు తెగితే తెగులుకు తలుపు తీసినట్టే. రాబోయే రెండు వారాలు రోజూ పొద్దున్నే చూడండి. ఏదైనా పొద్దున కూడా వాలి ఉంటే వెంటనే తీసేయండి.

ఆ చోట కొన్నేళ్లపాటు టమాటా, వంగ, మిరప, బంగాళదుంప వేయొద్దు. అన్నీ ఒకే కుటుంబం, ఒకే తెగులుకు లొంగుతాయి. మొక్కజొన్న, ఉల్లి వేసుకోవచ్చు. టమాటా కావాలంటే కొత్త మట్టి నింపిన కుండీలో, అడుగున రంధ్రం మూసుకుపోకుండా, నేలకు తగలకుండా పెంచండి. తెగులు తట్టుకునే వేరు మీద అంటుకట్టిన నారు దొరికితే ఇంకా మంచిది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పొడిని నాటే ముందు మట్టిలో కలిపితే బూజు తెగుళ్లకు కొంత అడ్డు. వాడిపోయిన మొక్కకు పోస్తే ఉపయోగం ఉండదు.

పీకేసిన మొక్కల మీద గట్టిగా ఉన్న కాయలు తినొచ్చా అని మీకు అనుమానం రావచ్చు. ఈ బాక్టీరియా మనుషులకు హాని చేయదు. కానీ మీరు పురుగుమందు కొట్టారు కాబట్టి, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద చూడండి. ఆ గడువు తీరకముందు కోసిన కాయలు మాత్రం వాడకండి.