ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి 9కి: మొదటి రీబూట్‌కి ముందే చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో కాలేజీ సర్వర్ రూమ్, మూడు నోడ్ల క్లస్టర్ (కలిసి పనిచేసే మూడు సర్వర్లు), ప్రాక్స్‌మాక్స్ 8.2 (ఒక సర్వర్ మీద అనేక వర్చువల్ మిషన్లు నడిపే వ్యవస్థ), సబ్‌స్క్రిప్షన్ లేదు. కొన్ని విండోస్ వీఎంలు (వర్చువల్ మిషన్లు), పాత హాజరు సాఫ్ట్‌వేర్ నడిచే సెంటాస్ 7 లినక్స్ కంటైనర్ (వీఎం కన్నా తేలికైనది, నోడ్ కెర్నల్‌నే పంచుకునేది) ఒకటి, బ్యాకప్‌లన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద ఒక నాస్‌లోకి, అంటే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలోకి. 9కి మార్చాలంటే ముందు ఏం కావాలి, ఏవి ఆగిపోతాయి?

మార్చడం తప్పదు. 8కి సవరణలు 2026 ఆగస్టు వరకే వస్తాయి. ప్యాకేజీలు ఎక్కించడం పెద్ద పనేం కాదు, కూర్చుంటే అయిపోతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చే మొదటి రీబూట్‌లో ఉంది. సర్వర్ గ్రబ్ (కెర్నల్‌ని, అంటే సిస్టమ్ మూల భాగాన్ని లేపే బూట్‌లోడర్) దగ్గరే ఆగిపోవడం, లేదా లేచినా నెట్‌వర్క్‌లో కనబడకపోవడం, జనం ఎక్కువగా చిక్కుకునేది ఈ రెండిట్లోనే. అందుకే వీటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు మూడు నోడ్లనీ 8.4 తాజా స్థాయికి తీసుకురండి. 8.2 నుంచి నేరుగా 9కి దూకకూడదు. 8.4కి వచ్చాక ప్రతి నోడ్‌లోనూ పీవీఈ8టు9 అనే తనిఖీ స్క్రిప్ట్ దొరుకుతుంది. దాన్ని ఫుల్ ఆప్షన్‌తో నడపండి. అది ఏదీ సరిచేయదు, చూసి చెబుతుంది అంతే. ఫెయిల్ అన్నవి సరిచేయకుండా ముందుకు పోవద్దు. వార్న్ అన్న ప్రతి లైనూ చదవండి. ఒక్కొక్కటి సరిచేసిన ప్రతిసారీ మళ్లీ నడపండి. కింద చెప్పేవాటిలో చాలామటుకు ఆ స్క్రిప్టే పట్టి చూపిస్తుంది. చదవకుండా దాటేసేవాళ్లే ఇబ్బంది పడతారు.

రూట్ డిస్క్‌లో కనీసం 5 జీబీ ఖాళీ ఉండాలి, 10 జీబీ పైన ఉంటే నిశ్చింత. ఖాళీ లేకపోతే ముందు లోకల్ స్టోరేజ్‌లోని డంప్ ఫోల్డర్ చూడండి. ఎప్పుడో నాస్ పనిచేయని రోజు తీసిన బ్యాకప్‌లు అక్కడే పడి ఉంటాయి. తర్వాత వాడని ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైళ్లు), పాత కెర్నళ్లు. అయితే ఇప్పుడు నడుస్తున్న 6.8 కెర్నల్‌ని మాత్రం తీసేయకండి, దాని అవసరం తర్వాత పడొచ్చు.

ఇక బూట్ సంగతి. ప్రాక్స్‌మాక్స్‌ని మామూలు పద్ధతిలో, అంటే ఎల్‌వీఎం (డిస్క్‌ని వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో ఇన్‌స్టాల్ చేసి, సర్వర్ యూఈఎఫ్‌ఐలో (బయోస్ బదులు వచ్చిన కొత్త పద్ధతిలో) బూట్ అవుతుంటే, గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎమ్‌డీ64 అనే ప్యాకేజీ ఉందో లేదో చూడండి. పాత ఇన్‌స్టాలేషన్లలో చాలాచోట్ల ఉండదు. అది లేకపోతే సిస్టమ్‌లో గ్రబ్ కొత్తదవుతుంది గాని, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉన్న అసలు గ్రబ్ పాతదే మిగిలిపోతుంది. ఆ పాతదానిలో ఎల్‌వీఎం మెటాడేటా చదవడంలో ఒక లోపం ఉంది. మెటాడేటా ఒక ప్రత్యేక స్థితిలో ఉన్నప్పుడు డిస్క్ దొరకలేదని ఎల్‌వీఎంఐడీతో మొదలయ్యే పొడవాటి పేరొకటి చూపించి రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర కూర్చుంటుంది. అందుకే ఇన్నాళ్లూ బాగానే లేచిందన్నది భరోసా కాదు. అప్‌గ్రేడ్‌కి ముందే ఆ ప్యాకేజీ వేసేయండి. అప్పటికే ఆగిపోయి ఉంటే ప్రాక్స్‌మాక్స్ ఐఎస్‌ఓతో బూట్ చేసి, పీవీఈ వాల్యూమ్ గ్రూప్‌లో 4 ఎంబీ లాజికల్ వాల్యూమ్ ఒకటి ఉత్తినే సృష్టించండి. దాంతో మెటాడేటా మారి గ్రబ్ కదులుతుంది. లేచిన వెంటనే ఆ ప్యాకేజీ వేసుకోండి.

దీనికి తోడు ఇంకొకటి. 8.1 నుంచి 8.4 వరకు ఐఎస్‌ఓలతో ఇన్‌స్టాల్ చేసినవాటిలో సిస్టమ్‌డీ-బూట్ అనే మెటా ప్యాకేజీ ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్ 9కి ఆధారమైన డెబియన్ 13 లినక్స్‌లో అది తనంతట తానే బూట్‌లోడర్‌ని మార్చేస్తుంది. తనిఖీ స్క్రిప్ట్ ఆ ప్యాకేజీని తీసేయమని చెబితే తీసేయండి, భయం లేదు.

రెండోది నెట్‌వర్క్ కార్డ్ పేరు. 9.0 వచ్చింది 6.14 కెర్నల్‌తో, 9.1లో 6.17. కొత్త కెర్నల్ కార్డ్‌లోని మరిన్ని వివరాలు గుర్తుపడితే దాని పేరు చివర ఒకటి రెండు అక్షరాలు చేరిపోతాయి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో మాత్రం వీఎంబీఆర్0 బ్రిడ్జ్ (వీఎంలని కార్డ్‌కి కలిపే వర్చువల్ స్విచ్) కింద పాత పేరే ఉంటుంది. ఇక బ్రిడ్జ్‌కి పోర్ట్ ఉండదు, నోడ్ ఐపీ పలకదు, మీరు గది బయట నిలబడిపోతారు. దీనికి మందు ముందే పేరు బిగించేయడం. ఈటీసీ-సిస్టమ్‌డీ-నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డాట్ లింక్ ఫైల్ ఒకటి రాయండి. మ్యాచ్ భాగంలో కార్డ్ మ్యాక్ అడ్రస్, టైప్ ఈథర్. లింక్ భాగంలో మీరు పెట్టే పేరు. టైప్ ఈథర్ రాయడం మరిచిపోవద్దు, బ్రిడ్జ్‌కి కూడా అదే మ్యాక్ ఉంటుంది కాబట్టి అది లేకపోతే ఇద్దరికీ తగులుకుంటుంది. పేరు ‘ఇఎన్’తో గాని ‘ఇటిహెచ్’తో గాని మొదలవ్వాలి, లేకపోతే వెబ్ పేజీలో ఫిజికల్ కార్డ్‌గా చూపదు. తర్వాత ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో ప్రతిచోటా పేరు మార్చి, అన్ని కెర్నళ్లకీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) అప్‌డేట్ చేసి, ఇంకా 8లో ఉండగానే ఒకసారి రీబూట్ చేసి చూడండి. పొరపాటుంటే అక్కడే బయటపడుతుంది. 9లో దీనికోసమే పిన్నింగ్ టూల్ ఇచ్చారు గాని, అక్కడిదాకా చేరాలంటే ముందు మిషన్ లేచి పలకాలి కదా.

కన్సోల్ గురించి గట్టిగా చెబుతాను. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద దూరం నుంచి లాగిన్) ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పని మొదలెట్టకండి. సర్వర్‌లో ఐడ్రాక్ ఉంది, ఐఎల్‌ఓ ఉంది (డెల్, హెచ్‌పీఈ సర్వర్లని దూరం నుంచి చూసే ఏర్పాట్లు) అని ధీమాగా ఉంటారు గాని, ఐడ్రాక్ బేసిక్ లైసెన్స్‌లో స్క్రీన్ కనిపించదు. హెచ్‌పీఈ డీఎల్, ఎంఎల్ సర్వర్లలో ఐఎల్‌ఓ స్టాండర్డ్ అయితే పోస్ట్ (ఆన్ చేయగానే జరిగే హార్డ్‌వేర్ పరీక్ష) దాటగానే తెర ఆపేస్తుంది, సరిగ్గా మీకు కావాల్సిన చోట. ముందురోజే లాగిన్ అయి చూసుకోండి. లేదంటే వీజీఏ మానిటర్, యూఎస్‌బీ కీబోర్డ్ ర్యాక్ దగ్గర పెట్టుకుని పక్కనే కూర్చోండి. ప్రాక్స్‌మాక్స్ 9 ఐఎస్‌ఓ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి. కమాండ్లు టీమక్స్‌లోపల నడపండి, లైన్ తెగినా పని ఆగదు. వెబ్ పేజీలో ఉండే షెల్‌లో మాత్రం వద్దు, అప్‌గ్రేడ్ మధ్యలో ఆ సేవే ఆగి మళ్లీ మొదలవుతుంది.

రోజు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. సంక్రాంతి సెలవులు కాలేజీకి చక్కటి సమయం. సిరిమానోత్సవం (పైడితల్లి అమ్మవారి జాతర) మంగళవారం కాలేజీ ఖాళీగానే ఉంటుంది గాని, మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి సర్వర్ రూమ్‌కి చేరడం మీ చేతిలో ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ఆలోచనే పెట్టుకోవద్దు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అప్పుడు మన వైపు కరెంటు ఎన్నాళ్లు పోయిందో అందరికీ తెలుసు. డిస్క్ పోతే విశాఖ నుంచి రావాలన్న లెక్క కూడా వేసుకోండి.

కరెంటుకీ క్లస్టర్‌కీ సంబంధం ఉంది. మూడు నోడ్లలో కోరమ్‌కి (క్లస్టర్ నడవడానికి కావాల్సిన మెజారిటీకి) రెండు ఓట్లు కావాలి. ఒకటి అప్‌గ్రేడ్‌లో ఉండగా ఇంకొకటి యూపీఎస్ చచ్చి పడిపోతే, మిగిలినదాంట్లో ఈటీసీ-పీవీఈ (క్లస్టర్ సెట్టింగుల ఫోల్డర్) చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు. ఆ నోడ్ మీద హెచ్‌ఏలో (నోడ్ పడితే వీఎంని వేరే నోడ్‌లో లేపే ఏర్పాటులో) పెట్టిన వీఎంలు నడుస్తుంటే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ దాన్ని కూడా రీబూట్ చేసేస్తుంది. కాబట్టి ముందుగా యూపీఎస్ బ్యాటరీలు లోడ్ మీద ఎంతసేపు ఆగుతున్నాయో చూడండి. హెచ్‌ఏ వాడుతుంటే నోడ్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాకే ముట్టుకోండి.

వీఎంలని పక్క నోడ్‌కి జరిపి నోడ్ ఖాళీ చేయండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి లైవ్ మైగ్రేషన్ (వీఎంని ఆపకుండా జరపడం) నడుస్తుంది. కొత్తదాని నుంచి పాతదానికి నడుస్తుందన్న హామీ లేదు. అంటే ఒక నోడ్ 9 అయ్యాక వెనక్కి దారి సన్నగిల్లుతుంది, మూడూ వరుసగా పూర్తి చేయాలి. డిస్కులు లోకల్‌లో ఉంటే సమయం లెక్కేసుకోండి. 1 గిగాబిట్ లైన్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, 500 జీబీ డిస్క్‌కి గంటంబావు పైనే పడుతుంది.

సెంటాస్ 7 కంటైనర్ 9లో మొదలవదు. దీనికి సర్దుబాటు లేదు. దానిలో ఉన్నది సిస్టమ్‌డీ (సిస్టమ్ సేవలని మొదలెట్టే ప్రోగ్రామ్) 219. 9లో కంటైనర్లకి వనరులు పంచే పాత సీగ్రూప్ పద్ధతిని పూర్తిగా తీసేశారు, సిస్టమ్‌డీ 230 గాని అంతకన్నా పాతది గాని ఉన్న కంటైనర్లకి చోటు లేదు. ఉబుంటు 16.04 కంటైనర్లదీ ఇదే కథ. కంటైనర్‌ని వీఎంగా మార్చే బటన్ ఏదీ లేదు. వీఎం ఒకటి చేసి అందులో సెంటాస్ 7 వేసి హాజరు సాఫ్ట్‌వేర్‌నీ డేటాబేస్‌నీ అందులోకి ఎత్తుకోవచ్చు, వీఎం లోపల దాని కెర్నల్ దానిది కాబట్టి నడుస్తుంది. అయితే ఆ సిస్టమ్‌కి సవరణలు 2024 జూన్ 30తోనే ఆగిపోయాయి. వీలైతే ఆల్మాలినక్స్ 9కి మార్చండి. అప్పుడు వీఎం సీపీయూ రకం కేవీఎం64 పెట్టవద్దు, అది లేవదు, ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ పెట్టండి. ఈ పని అప్‌గ్రేడ్‌కి వారం ముందే అయిపోవాలి. ఆ రోజు రాత్రి చేసే పని కాదిది.

మీ ఎన్‌ఎఫ్‌ఎస్ బ్యాకప్‌ల దగ్గర కూడా ఒక ముల్లుంది. అన్‌ప్రివిలేజ్డ్ (నోడ్ మీద రూట్ హక్కులు లేని) కంటైనర్లని ఎన్‌ఎఫ్‌ఎస్‌లోకి బ్యాకప్ తీసేటప్పుడు పర్మిషన్ తప్పులొస్తే, వీజడ్‌డంప్ (బ్యాకప్ టూల్) కాన్ఫ్ ఫైల్‌లో టెంప్‌డైర్‌ని, అంటే తాత్కాలిక ఫోల్డర్‌ని, టీఎంపీ ఫోల్డర్‌కి మళ్లించడం చాలామంది చేసే పని. డెబియన్ 13లో టీఎంపీ ఫోల్డర్ డిస్క్ మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది. సస్పెండ్ మోడ్‌లో కంటైనర్ మొత్తం ముందు ఆ ఫోల్డర్‌లోకే కాపీ అవుతుంది. రాత్రి బ్యాకప్ నడిచేసరికి ర్యామ్ నిండి వీఎంలు చస్తాయి. టెంప్‌డైర్‌ని వార్-టీఎంపీకి మార్చేయండి.

అలాగే నోడ్ మీదే నాట్ (ఒక ఐపీని అన్ని వీఎంలకీ పంచే పద్ధతి) పెట్టి వీఎంలకి ఇంటర్నెట్ ఇస్తుంటే, ఐపీ ఫార్వర్డ్ లైన్ ఎక్కడ రాశారో చూడండి. కెర్నల్ సెట్టింగులుండే ఈటీసీలోని సిస్‌సీటీఎల్ కాన్ఫ్ ఫైల్‌ని ఇక ఎవరూ చదవరు. ఆ లైన్లని సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో, చివర డాట్ కాన్ఫ్ ఉన్న ఫైల్‌లోకి మార్చాలి.

ఇవన్నీ అయ్యాక రిపాజిటరీలు, అంటే ప్యాకేజీలు వచ్చే చోట్లు. సోర్సెస్ లిస్ట్‌లోనూ, సోర్సెస్ లిస్ట్ డాట్ డీలో ఉన్న ప్రతి ఫైల్‌లోనూ బుక్‌వార్మ్ (డెబియన్ 12) ఉన్నచోట ట్రిక్సీ (డెబియన్ 13) పెట్టండి. సబ్‌స్క్రిప్షన్ లేదు కాబట్టి ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ ఆపేసి, నో-సబ్‌స్క్రిప్షన్ ఉంచండి, లేకపోతే 401 తప్పు వస్తుంది. ఏపీటీ (ప్యాకేజీలు ఎక్కించే టూల్) అప్‌డేట్ చేసి, ఏపీటీ పాలసీ చూడండి. ఎక్కడా బుక్‌వార్మ్ కనబడకూడదు.

తర్వాత డిస్ట్-అప్‌గ్రేడ్. ఒట్టి అప్‌గ్రేడ్ అని కొట్టకండి, సగం ప్యాకేజీలు పాతవి మిగిలి వ్యవస్థ తలకిందులవుతుంది. నెట్ నెమ్మదైతే ముందు డౌన్‌లోడ్-ఓన్లీతో తెచ్చుకుని, వార్ కింద ఏపీటీ ఆర్కైవ్స్ ఫోల్డర్‌లోని డెబ్ ఫైళ్లని మిగతా రెండు నోడ్లకీ కాపీ చేయండి. ఇన్‌స్టాల్‌కి ముందే చేయాలి, అయ్యాక ఏపీటీ వాటిని చెరిపేస్తుంది.

జాబితా చూపినప్పుడు ప్రాక్స్‌మాక్స్-వీఈ ప్యాకేజీని తీసేస్తానంటే అక్కడే ఆగండి. రిపాజిటరీ తప్పు రాశారన్నమాట, లేదా డెబియన్ వాళ్ల లినక్స్-ఇమేజ్-ఏఎమ్‌డీ64 ఉందన్నమాట. మధ్యలో కాన్ఫిగ్ ఫైళ్ల గురించి అడుగుతుంది. ఇష్యూ ఫైల్‌కి పాతదే ఉంచమనండి. ఎల్‌వీఎం కాన్ఫ్, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ మీరు చేత్తో మార్చకపోతే కొత్తది తీసుకోండి. గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లో ఐఓఎంఎంయూ లాంటి కెర్నల్ ఆప్షన్లు చేర్చి ఉంటే పాతదే ఉంచండి. అనుమానం వస్తే తేడా చూపించు అని అడగండి.

రీబూట్‌కి ముందు పీవీఈ8టు9 ఇంకోసారి. లేచాక వెబ్ పేజీ వింతగా కనిపిస్తే కంట్రోల్-షిఫ్ట్-ఆర్ నొక్కండి. వీఎం మెమరీ మునుపటికన్నా ఎక్కువ చూపిస్తే కంగారు వద్దు, 9లో కొన్ని వీఎంలకి హోస్ట్ మీద పడే అదనపు భారం కూడా కలిపి లెక్కేస్తారు. కొత్త కెర్నల్‌తో రెయిడ్ కార్డో నెట్‌వర్క్ కార్డో మొరాయిస్తే బూట్ మెనూలో 6.8 ఎంచుకుని, ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్‌తో దాన్ని పిన్ చేసి, కారణం దొరికేదాకా నడపొచ్చు.

మొదటి నోడ్ లేచాక ముఖ్యం కాని విండోస్ వీఎం ఒకటి దానిమీదికి జరిపి, ఒక బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని వేరే నంబర్‌తో రీస్టోర్ చేసి చూడండి. రెండూ సవ్యంగా ఉంటేనే రెండో నోడ్ ముట్టుకోండి. మీ హెచ్‌ఏ గ్రూపులు మూడు నోడ్లూ 9 అయ్యాకే రూల్స్‌గా మారతాయి, మధ్యలో వాటిని మార్చకండి. జడ్‌ఎఫ్‌ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) పూల్ ఉంటే, పూల్ అప్‌గ్రేడ్ చేయమని సూచన కనిపిస్తుంది. చేయకండి ఇప్పుడే. చేశాక పాత కెర్నల్‌లోని జడ్‌ఎఫ్‌ఎస్ ఆ పూల్‌ని తెరవలేకపోవచ్చు, 6.8కి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది.