అల్లిక ముచ్చట్లు: టోపీని తిరగేసి చూడండి

ప్రశ్న: అమ్మగారూ, మాది చీపురుపల్లి. మా అత్తయ్యకు వచ్చే వారం నుంచి విశాఖలో కీమో మొదలవుతుంది. జుట్టు రాలిపోతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. నాకు క్రోషాతో గుమ్మం తోరణాలు, టేబుల్ క్లాతులు అల్లడం వచ్చు. ఆవిడకో టోపీ అల్లుదామనుకుంటున్నాను. ఏ ఊలు కొనాలి? ఏ డిజైనైతే అందంగా ఉంటుంది?

జవాబు: టోపీ పెడతానని ముందే చెప్పి మరీ అత్తగారికి పెట్టే కోడలిని ఇప్పుడే చూస్తున్నాను తల్లీ! ఈ మాట అత్తయ్యకు కూడా చదివి వినిపించు, ఆవిడా నవ్వుతారు.

ఊలు సంగతి తర్వాత. 2018లో నాకు కీమో అయినప్పుడు మొదటి టోపీ నేనే అల్లుకున్నాను. ముప్పై ఏళ్లుగా అల్లుతున్న చెయ్యి, ఒకర్ని అడిగేదేమిటన్న పొగరు. పాత శాలువా విప్పిన గులాబీరంగు ఊలు, నూగునూగుగా పిల్లికూనలా ఉండేది. విజయనగరంలో పెట్టుకుని రైలెక్కినదాన్ని కొత్తవలస దాటకముందే తీసి సంచిలో కుక్కేశాను. జుట్టు రాలే రోజుల్లో మాడంతా సలుపుతుంది, దువ్వెన కాదు కదా దిండు తగిలినా ఓర్చుకోలేం. దానిమీద ఆ నూగు చీమలు పాకినట్టుండేది. పైగా దారం కొస ఊడకుండా నడినెత్తిన నేనే వేసిన ముడి, వెనక్కి ఆనుకుంటే శనగగింజలా నొక్కింది. బయటినుంచి చూసినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉందో అన్నారు.

అందుకే చెబుతున్నా, ఈ టోపీకి లోపలి వైపే ముఖ్యం. మన దుకాణాల్లో ఊలు అని ఇచ్చేది చాలావరకు అక్రిలిక్. పసిపిల్లల స్వెట్టర్లకు వాడే మెత్తటి రకమైతే చలికాలం రాత్రుళ్లకు పనికొస్తుంది, ఇస్త్రీ మాత్రం తగలనివ్వకు, కరిగి బిరుసెక్కుతుంది. మన ఉక్కపోతకు పగటిపూట నూలు దారమే మేలు. మిల్క్ కాటన్ అని అమ్మేదాన్ని పేరు చూసి కొనకు, లేబుల్ చదువు. చాలావాటిలో నూలూ అక్రిలిక్కూ కలిసి ఉంటాయి. ఏది కొన్నా ఓ ఉండని గడ్డం కింద, మణికట్టు లోపలివైపు కాసేపు రుద్ది చూడు. అక్కడ గుచ్చుకుంటే నెత్తిమీద నాలుగింతలు గుచ్చుకుంటుంది.

కొలత సంగతి. కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా టేపు తిప్పు. 21 అంగుళాలు వచ్చిందనుకో, టోపీని 19.5కి అల్లు. జుట్టు పోయాక తల కొంచెం చిన్నదవుతుంది, నూలు వాడగా వాడగా కాస్త వదులవుతుంది. 19.5ని 3.14తో భాగిస్తే సుమారు 6.2. నడినెత్తి చక్రం అంత వెడల్పు అయ్యేదాకా కుట్లు పెంచుతూ పో, ఆ తర్వాత పెంచకుండా కిందికి దిగు. నడినెత్తి నుంచి అంచుదాకా 8 అంగుళాలు ఉంటే చెవులూ తల వెనక భాగమూ కప్పుతుంది. వరస వరసకీ కలిపి ముడెయ్యకుండా నత్తగుల్లలా చుట్టుకుంటూ వెళ్తే లోపల గట్టు రాదు. వరస ఎక్కడ మొదలైందో తెలియడానికి వేరే రంగు దారం ముక్క పెట్టుకో. కొసలకు ముడి వద్దు, సూదితో కుట్ల మధ్యలోంచి రెండు మూడు అంగుళాలు పోనిచ్చి బయటివైపు వదిలెయ్.

నీకు తోరణాలు వచ్చంటున్నావు కాబట్టి చెయ్యి జాలీ డిజైనుకే పోతుంది. జాలీలోంచి మాడు కనబడుతుంది, ఎండా తగులుతుంది. గట్టిగా అల్లితే ఉడుకు. నా రెండో టోపీకి మా నాన్నగారి పాత పొందూరు ఖద్దరు పంచె ఆదుకుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికిన నూలు అది, వందసార్లు ఉతికి వెన్నలా అయిపోయింది. దాన్ని అస్తరుగా వేసి, పైన జాలీ అల్లాను. గాలి ఆడింది, నెత్తి కనబడలేదు, లేత ఆకుపచ్చ కింద ఆ తెలుపు తొంగిచూస్తుంటే నాకే ముచ్చటేసింది. ఖద్దరు సాగదు కాబట్టి అస్తరును తల కొలతకే, క్రాస్‌గా కత్తిరించు. దాని కుట్టుమడత తలవైపు కాకుండా అల్లికవైపు ఉండాలి.

పూసలు, గుండీలు, పిన్నీసులు వద్దు. కీమోలో కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, చిన్న గీతకే రక్తం ఆగదు. పువ్వు కావాలంటే చెవి పైన ముందువైపు, దారంతోనే. ఉతకడానికి వాసన లేని సబ్బు వాడు. బీరువాలో కలరా ఉండల పక్కన మాత్రం పెట్టకు! ఆ రోజుల్లో వాసనకే వాంతి వస్తుంది. జుట్టు సాధారణంగా మొదటి మందు ఎక్కించిన రెండు మూడు వారాలకు రాలడం మొదలవుతుంది కాబట్టి నీకు టైముంది. రెండు అల్లు, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి.

అన్నట్టు, ఆవిడకు కొంగే చాలనిపించొచ్చు. రంగేదో ఆవిడనే ఎంచుకోనీ. నన్ను బస్సులో ఒకావిడ, "సింహాచలం మొక్కా అమ్మా?" అని అడిగితే అవునన్నాను. ఆ రోజుకు అదే హాయిగా ఉంది. టోపీ లేదు మరి.

ప్రశ్న: మా నాన్నకు రేడియేషన్ అవుతోంది, తల వెనక ఒకవైపే జుట్టు పోయింది. నేను టోపీ అల్లితే "ఆడోళ్ల అల్లిక నాకేటి" అంటున్నారు. ఏం చెయ్యాలి? (రాజాం)

జవాబు: ఏమీ చెయ్యకండి బాబూ. రేడియేషన్‌కి కిరణాలు పడినచోటే జుట్టు పోతుంది, ఆ చర్మం ఎండకీ రాపిడికీ ఓర్వదు. తలకు ఏం పెట్టొచ్చో ముందు డాక్టరునడగండి. సరేనంటే ఆయన రోజూ తలకు చుట్టుకునే తువ్వాలే పాతది, మెత్తనిది తీసివ్వండి. మీరల్లిన టోపీ రాత్రిపూట మంచం పక్కన పెట్టి ఊరుకోండి. నవంబరు చలికి ఆయనే వెతుక్కుంటారు.

ప్రశ్న: పలాసలో మేం ఎనిమిది మంది కాలేజీ ఫ్రెండ్స్‌మి, కొత్తగా అల్లిక నేర్చుకున్నాం. ముప్పై టోపీలు అల్లి కేన్సర్ వార్డులో ఇద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: సంతోషం. ముందు ఆ వార్డు నర్సుగారిని అడగండి, తీసుకుంటారో లేదో, ఎవరి కొలతలు ఎక్కువ కావాలో. మందుల వల్ల ఒంట్లో తెల్ల కణాలు తగ్గి, ఏ జబ్బైనా తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఉతికి, బాగా ఆరబెట్టి, ఒక్కోటీ విడివిడి కవర్లో పెట్టండి. ఏ దారమో, ఎలా ఉతకాలో చీటీ మీద రాయండి. "ధైర్యంగా ఉండండి" అని మాత్రం రాయొద్దు, ఆ మాట వినీ వినీ వాళ్లకు చెవులు తూట్లు పడి ఉంటాయి. ఇంటర్నెట్‌లో చూసి అల్లేటప్పుడు ఇంకో తిరకాసుంది. అమెరికా వాళ్లు సింగిల్ అన్న కుట్టునే ఇంగ్లండ్ వాళ్లు డబుల్ అంటారు. చూసుకోకపోతే టోపీ కాస్తా బుట్టవుతుంది.

ముప్పై ఒకేసారి మొదలెట్టకండి. ఒక్కటి అల్లి, మీలో ఒకరు రాత్రంతా పెట్టుకుని పడుకోండి. పొద్దున లేచి ఎక్కడ గుచ్చుకుందో, ఎక్కడ బిగిసిందో రాసుకుని అప్పుడు రెండోది పట్టండి.